అద్దె సామాను కాని చరణం

నరసరావుపేటలో మైకు సెట్లు అద్దెకిచ్చే షాపులు చాలా ఉన్నాయి. నా షాపులో మాత్రం ఒక పద్ధతి ఉంది. అది మా నాన్న అబ్దుల్ రహీమ్ పెట్టింది. సామాను బండెక్కించే ముందు ప్రతి బాక్సునూ గిరాకీ ఎదుట పూర్తి సౌండుతో మోగించాలి. లోపం ఉంటే మనమే ముందు చెప్పాలి. ఈ బాక్సు కుడి పక్క కొంచెం గీరుతుంది, మీటింగుకైతే పర్లేదు, పాటలకైతే తీసుకోవద్దు అని చెప్పాలి. చిన్నప్పుడు నాకిది చేతులారా బేరం చెడగొట్టుకోవడంలా కనిపించేది. షాపు నా చేతికొచ్చాక లెక్క అర్థమైంది. లోపం మనం చెబితే గిరాకీ ఆ ఒక్క బాక్సే వదిలేస్తాడు. అతనే కనిపెడితే షాపునే వదిలేస్తాడు.

ఈ పద్ధతి మీదే మా నాన్న కాలం నుంచి రొంపిచెర్ల పక్కన ఒక ఊరి ప్రభకు సౌండు మాదే. శివరాత్రికి కోటప్పకొండకు, గోపురమంత ఎత్తు కట్టి లైట్లు పెట్టి ఎద్దులతో లాగించే ఆ ప్రభ బయల్దేరిందంటే దాని వెనక ట్రాక్టరు మీద మా బాక్సులు, మా జనరేటరు ఉండాల్సిందే. కొండ తిరునాళ్లలో ఏ ప్రభ వెనక ఏ షాపు బాక్సులున్నాయో చూసి ఊళ్లవాళ్లు ఏడాదంతా పెళ్లిళ్లకూ మీటింగులకూ బేరాలు చేసుకుంటారు. కాబట్టి ఆ ప్రభ మాకు ఒక్క రోజు బేరం కాదు. షాపు ముందు కట్టిన బోర్డు కన్నా పెద్ద బోర్డు.

నా కూతురు షాహిస్తా పెట్టిన దుకాణం ఇంకొకటి. షాపు వెనక వైర్లూ పాత యాంప్లిఫయర్లూ పడేసే గది ఉంది. ఆ గదిలో ఫోను నిలబెట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం మాట్లాడుతుంది. సినిమాల్లో లేని పాటలు, వెనక ఏ కంపెనీ లేని పాటలు, ఎవరికి వాళ్లు ఇంట్లో తయారుచేసి నెట్లో పెట్టుకున్న పాటలు వెతికి పట్టుకొచ్చి, కొంచెం వినిపించి, ఏది బాగుందో ఏది బాగాలేదో చెబుతుంది. ఆ కార్యక్రమం పేరు 'విన్నాక చెప్తా'. డిగ్రీ చదివేటప్పుడు మొదలుపెట్టింది. చదువైపోయి షాపు బిల్లులు చూస్తున్నా మానలేదు.

మొదట్లో నేను ఒప్పుకోలేదు. సరుకు మంచిదైతే సినిమావాళ్లే వచ్చి కొనుక్కుపోతారు గదా, ఎవరూ కొననిది వెతుక్కోవడం ఏం వ్యాపారం అన్నాను. దానికి, నాన్నను అబ్బా అని పిలిచే ఆ పిల్ల తడుముకోకుండా జవాబు చెప్పింది.

"మిరపకాయల్లో మంచివన్నీ యార్డుకే వస్తయ్యా అబ్బా? రైతు ఇంట్లో కూరకు ఉంచుకునేవి ఎట్టాంటివో నీకు తెలియదా?"

నాకు తెలుసు. మా మామగారి ఊళ్లో ఆ కాయలతో చేసిన పచ్చడి తిన్నవాణ్ణి. ఆ రోజు నుంచి నోరు మూసుకుని వినడం మొదలుపెట్టాను.

దానికీ ఒక పద్ధతి ఉంది. పాట రాగానే ముందు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంది. తర్వాత షాపులో పెద్ద బాక్సు మీద నాకు వినిపిస్తుంది. ఆఖరున ఫోను తీసుకుపోయి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టి, మాట్లాడకుండా వచ్చేస్తుంది. అది వాళ్లమ్మ పరీక్ష. మా ఆవిడ హసీనా పాటల మనిషి కాదు. కూర కలుపుతూనో, మిక్సీ కడుగుతూనో ఉంటుంది. ఆమె చేతిలో పని ఆపి 'ఎవరే అది' అని అడిగిందంటే ఆ పాటలో ఏదో ఉన్నట్టు. అడగకపోతే ఎంత పెద్ద హంగామా ఉన్నా షాహిస్తా ఇంకోసారి ఆలోచించుకుంటుంది.

రకరకాల పాటలు వచ్చేవి. మాచర్ల నుంచి ఒక ఆటో డ్రైవరు ర్యాప్ పంపాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక పరుగెత్తుతున్నాడు గాని మాట మాత్రం గట్టిదని చెప్పింది. గురజాల చర్చిలో పిల్లలు గిటారు పెట్టి కట్టిన పాటకు, గిటారు బాగుంది, గొంతులన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి, ఎవరో ఒకరు ముందుకు రావాలని చెప్పింది. పిడుగురాళ్ల కుర్రాళ్లు అరుపులతో కట్టిన పాట ఒకటి వచ్చింది. ఆ శబ్దానికి నేను షట్టరు దించబోయాను. షాహిస్తా ఆగమని, సున్నపు బట్టీల పక్కన పెరిగినవాళ్లకు ఆ మాత్రం గొంతు లేకపోతే పక్కవాడికి మాట వినపడదు, ఇది వాళ్లకు సహజమైన పాట అంది. రెండోసారి విన్నాను. నిజమే. కృష్ణ దాటి మిర్యాలగూడ నుంచి కూడా పంపేవాళ్లు. నాకు విచిత్రంగా తోచిందేమంటే, బాగాలేదని అనిపించుకున్నవాళ్లే మళ్లీ మళ్లీ పంపేవాళ్లు. మా షాపుకు తిరిగొచ్చే గిరాకీ కూడా లోపం విన్న గిరాకీనే.

ఇక జరిగింది చెబుతాను.

ఈ ఏడు శివరాత్రికి ముందు ఆ ఊరి ప్రభ కమిటీ పెద్ద వెంకట్రామయ్య గారు కబురు పెట్టారు. ఆయనకు పొలాలున్నాయి, ఊరి రాజకీయాల్లో మాట ఉంది. నా కన్నా పెద్దవాడు గనక అన్నా అని పిలుస్తాను. ప్రభ సౌండు మాట్లాడుకోవడానికి కాగితాలు ఉండవు. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు పెట్టి కమిటీ పెద్ద ఇస్తాడు. షాపువాడు రెండు చేతులతో తీసుకుంటాడు. తీసుకున్నాడంటే మాట ఇచ్చినట్టు. మా నాన్న తీసుకున్నాడు, నేను తీసుకుంటున్నాను.

పళ్లెం చేతిలో పెట్టుకుని వెంకట్రామయ్య గారు ఒక మాట కలిపారు. వాళ్లబ్బాయి సందీప్ పాట కట్టాడట. హైదరాబాదు స్టూడియోలో చేయించాడట. మీ అమ్మాయి కార్యక్రమంలో దాన్ని బాగుందని చెప్పించు, చుట్టుపక్కల పిల్లలంతా అదే చూస్తున్నారు అన్నారు. నేను ఆలోచించలేదు. సరే అన్నా అని, రెండు చేతులు చాపి పళ్లెం తీసుకున్నాను. ఒకే తాంబూలంలో రెండు బేరాలు కుదిరాయని బండి మీద వస్తూ లాభం వేసుకున్నాను. రెండో సరుకు నాది కాదన్న సంగతి లెక్కలోకి రాలేదు.

పాట సాయంత్రానికి షాహిస్తా ఫోనుకు వచ్చింది. షాపులో పెద్ద బాక్సు మీద వేయించుకుని విన్నాను. దరువు దడదడలాడింది. జీపులు, మీసాలు, పల్నాడు పౌరుషం, మాతో పెట్టుకోవద్దు అనే మాటలు. బాగుంది, గోడలు అదిరాయి, ప్రభ ముందు కుర్రాళ్లు ఎగరడానికి ఇంతకన్నా ఏం కావాలి అన్నాను. షాహిస్తా ఫోను తీసుకుని వంటింట్లోకి పోయింది.

కాసేపటికి హసీనా గొంతు వినిపించింది.

"ఎవరే ఆ ముసలమ్మ?"

పాటలో ముసలమ్మ ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. షాహిస్తా పరుగెత్తుకొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది, తీసింది, మళ్లీ ఫోను నా చెవి దగ్గర పెట్టింది. చిన్న ఫోను స్పీకరులో దరువు పలకదు. అది మా వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే. దరువు లేకపోయేసరికి దాని కింద పూడిపోయిన గొంతు ఒకటి పైకి తేలింది. మూడో చరణంలో, సందీప్ మాటల వెనక, ఒక ముసలావిడ దూరం నుంచి కేకేస్తోంది.

*చివరి మడికి చేరేలోపే కాలవ చిక్కిపోయె*
*నాయనమ్మ గొంతొకటే గట్టు దాటిపోయె*
*నీళ్లొచ్చినయ్ రండోయ్, పారలు పట్టుకు రండోయ్*

ఆఖరి లైను సందీప్ పాడింది కాదు. ఆ ముసలావిడదే. కాలవ చివరి పొలాలకు వంతు నీళ్లు వదిలినప్పుడు గట్టు మీద నిలబడి వేసే కేక అది. మా పెద్ద బాక్సు దాన్ని మింగేసింది. నేను ఇన్నేళ్లు బాక్సులు అమ్మి, అద్దెకిచ్చి, విప్పి బాగుచేసినవాణ్ణి. నాకు వినపడలేదు. కూర కలుపుతున్న నా భార్యకు వినపడింది, పాటలో ఏదన్నా ఉంటే అక్కడ వినపడుతుందని నా కూతురికి ముందే తెలుసు.

అప్పుడు తాంబూలం సంగతి చెప్పాను. షాహిస్తా నా ముఖంలోకి చూసి, బాగున్నదాన్ని బాగుందనే చెబుతాను అబ్బా అంది. 

శుక్రవారం షాపు ముందు గదిలో కూర్చుని నా ఫోనులోనే కార్యక్రమం చూశాను. వెనక గదిలోంచి దాని గొంతు, చేతిలోంచి దాని గొంతు, రెండూ కొంచెం వెనకా ముందూ వినపడుతున్నాయి. ముందు మిర్యాలగూడ అమ్మాయి పాట ఒకటి చెప్పింది. తర్వాత సందీప్ పాట.

"మాది అద్దె సామాన్ల షాపు. అందుకని నాకు తెలిసిన మాటల్లో చెప్తా. ఈ పాటలో జీపు అద్దెది, మీసం అద్దెది, పౌరుషం కూడా అద్దెదే. ఇంతకు ముందు చానామంది వాడి తిరిగిచ్చేసిన సామానే. ఒక్క చరణం మాత్రం సొంతది. అది వినండి."

ఫోను స్పీకరు దగ్గర మైకు పెట్టి ఆ చరణం వినిపించింది. ఆ కేక మైకులో శుభ్రంగా వచ్చింది. ఇట్టాంటి గొంతు దొరికినవాడు దాన్ని ఎందుకు దాచిపెట్టాడో నాకు తెలియదు, ఈ చరణం నుంచి మళ్లీ మొదలుపెడితే ఈ ఏడాది నేను విన్న పాటల్లో ఇదే ముందుంటుంది అని ముగించింది.

నా చేతిలో ఫోను మోగింది. వెంకట్రామయ్య గారు. పదిమందిలో నా కొడుకు పాటను అద్దె సామాను అనింది మీ పిల్ల, ఆ మాట దగ్గరే వినడం ఆపేశా, దాన్ని తీసేయించు, లేదా నా తాంబూలం నాకు పంపు అన్నారు. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

షాహిస్తా బయటికొచ్చింది. ఫోనులో మాటలు దానికి వినపడ్డట్టే ఉన్నాయి. ప్రభ పోతే ఏడాది బేరాలు ఎట్టా చెదిరిపోతాయో దానికి నేను చెప్పక్కర్లేదు, బిల్లులు రాసేది అదే.

"తియ్యమంటే తీసేస్తా. కానీ మళ్లీ శుక్రవారం ఆ ఫోను ముందు కూర్చోను అబ్బా. నా మాటకు ఇంక విలువ ఉండదు."

నేను షాపులో వరసగా నిలబెట్టిన బాక్సుల వైపు చూశాను. కుడి పక్క గీరుతుందని నేను చెప్పుకునే బాక్సు కూడా అందులో ఉంది. గీరే బాక్సును గీరుతుందని చెప్పి ఇన్నాళ్లు బతికినవాణ్ణి. అదే పని ఇంకొకరు చేస్తే ఆపమనడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు. తియ్యొద్దు అన్నాను. ఆ రాత్రి హసీనా నాకు కూరలో ముక్కలు ఎక్కువ వేసింది.

మర్నాడు పొద్దున్నే కొత్తగా తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు కొన్నాను. ఆయన పళ్లెం కడిగి, అందులో అన్నీ సర్ది, బండి మీద ఆ ఊరికి పోయాను. ప్రభ తాంబూలం తిరిగిచ్చిన షాపువాడు మా లైనులో ఇంతవరకు లేడు.

వెంకట్రామయ్య గారు వసారాలో కమిటీవాళ్లిద్దరితో కూర్చుని ఉన్నారు. పళ్లెం ఆయన ముందు స్టూలు మీద పెట్టాను.

"అన్నా, తప్పు నాది. సామాను నాది గనక దానికి తాంబూలం తీసుకున్నా, సరే. నా కూతురి చెవి నాది కాదు. దానికి కూడా కలిపి తీసుకున్నా. అందుకని మొత్తం తిరిగిస్తున్నా."

ఆయన పళ్లెం వైపు చూడలేదు. కూతురి మాట కోసం తండ్రి నాటి ప్రభ వదులుకుంటావా హబీబూ అనడిగారు. మా నాన్న నాటిది ఇంకొకటి నిలబెట్టుకుందామని అన్నాను. ఆ మాట ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. చిలకలూరిపేట షాపుకు ఫోను చెయ్యమని కమిటీ మనిషితో చెప్పారు, నేను ఇంకా అక్కడ నిలబడి ఉండగానే.

వెళ్లబోతుంటే తలుపు పక్క నుంచి ఆయన తల్లి సుబ్బరత్నమ్మ గారు పిలిచారు. నడుము వంగింది గాని చూపు గట్టిది.

"రహీం కొడుకువి గదూ. మీ పిల్లేనా నన్ను బయటికి తీసింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎదురింటి ఆదెమ్మ మనవరాలు నిన్న ఫోనులో మీ పిల్ల మాటలు పెట్టింది, ఉన్నట్టుండి నా కేక నాకే వినపడింది, చేతిలో చేట కింద పెట్టేశాను అని చెప్పారావిడ. మనవడు పొలం గట్టు మీద ఎప్పుడు రికార్డు చేశాడో ఆవిడకు తెలియదు. ఆ పాట ఇంట్లో రోజూ మోగుతూనే ఉందట. ఇంటిల్లిపాదీ విన్నారట. అందులో ఆవిడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు, కొడుక్కు కూడా.

వెంకట్రామయ్య గారు తల్లి వైపు తిరిగారు. అవునా అమ్మా అని మెల్లగా అడిగారు.  నాకు అక్కడ పనిలేదు గనక బయల్దేరాను. ప్రభ పోయింది. అయినా బండి మీద వస్తూ, సుబ్బరత్నమ్మ గారు అన్న మాట నాలో నేను మళ్లీ మళ్లీ అనుకున్నాను. నన్ను బయటికి తీసింది. నా బిడ్డ గురించి అంత బరువైన మాట ఎవరూ చెప్పలేదు.

వారం తిరగకుండా సందీప్ షాపుకు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, కోపంతో వచ్చాడేమోనని నేను కౌంటరు వదిలి లేచాను. అతను కూర్చోమని సైగ చేసి, కింద చూస్తూ మాట్లాడాడు.

"స్టూడియోలో ఆ కేక తీసేద్దామన్నారు బాబాయ్. ఊరి గోలగా ఉందన్నారు. తీసెయ్యడానికి మనసొప్పక దరువు కింద దాచా. ఎవడన్నా కనిపెడతాడేమోనని చూశా. ఒక్కడూ కనిపెట్టలా."

పెన్‌డ్రైవు తీసి షాహిస్తా ముందు పెట్టాడు. పాట మళ్లీ కట్టాడట, ఈసారి ఊళ్లోనే. షాహిస్తా దాన్ని అతని ఎదుట ఇయర్‌ఫోన్లలో విన్నది, తర్వాత పెద్ద బాక్సు మీద వేసింది. నాయనమ్మ కేకతో మొదలైంది. దరువు ఉంది గాని వెనకగా, కాలవలో నీళ్లు పారుతున్నట్టు ఉంది. జీపు లేదు. మీసం లేదు. నాకు బాగా నచ్చింది. షాహిస్తా మొహం చూస్తే ఏమీ తెలియదు. ఆఖరున, రెండో చరణంలో ఇంకా కొంచెం అద్దె సామాను మిగిలింది అన్నయ్యా, అదీ తిరిగిచ్చేయ్ అంది. సందీప్ గట్టిగా నవ్వి, పెన్‌డ్రైవు జేబులో వేసుకుని పోయాడు.

శివరాత్రి నాటికి నాకు ప్రభ లేదు. కొండ కింద రోడ్డు పక్కన మజ్జిగ పందిరికి రెండు చిన్న బాక్సులు, ఒక మైకు పెట్టాను. తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే పని. షాహిస్తా తోడొచ్చింది. మధ్యాహ్నం నుంచి ప్రభలు వరసగా రావడం మొదలైంది. ఒక్కోటి ఒక్కో సినిమా పాటతో వస్తోంది. ఏ బాక్సులు ఎవరివో నేను చూడకుండానే చెప్పగలను. నాకు తెలిసిన షాపువాళ్లు ట్రాక్టర్ల మీద నుంచి చెయ్యి ఊపుతున్నారు. కిందనున్న నన్ను చూసి కొందరు ఊపడం మానేశారు.

ఎండ వాలుతుండగా ఆ ఊరి ప్రభ మలుపు తిరిగింది. దాని వెనక చిలకలూరిపేట బాక్సులు, నా కన్నా కొత్తవి, పెద్దవి. అప్పటిదాకా మోగుతున్న సినిమా పాట ఆగిపోయింది. ఒక్క క్షణం ఎద్దుల మువ్వలు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ కేక వచ్చింది.

నీళ్లొచ్చినయ్ రండోయ్.

రోడ్డు మీద నడిచేవాళ్లు ఆగిపోయారు. నా పందిరిలో మజ్జిగ తాగుతున్న పెద్దాయన ఒకాయన గ్లాసుతో సహా లేచి నిలబడి కాలవ ఉన్న దిక్కుకు చూశాడు. చూసి, తనలో తనే నవ్వుకుని కూర్చున్నాడు. కుర్రాళ్లు ఎగరడం మానలేదు, కాకపోతే ఈసారి ఎగురుతూ మాటలు కూడా పాడుతున్నారు. ప్రభ మీద లైట్ల కింద సుబ్బరత్నమ్మ గారి గొంతు కొండ దాకా పోయి తిరిగొచ్చింది. బాక్సులు నావి కావు. పాట నాది కాదు. ప్రభ కూడా నాది కాదు. అయినా ఆ సాయంత్రం ఆ కొండ కింద నా కన్నా పెద్ద వ్యాపారి లేడని నాకు అనిపించింది. పాతిపెట్టినదాన్ని వెతికి తీసిన చెవి నా పక్కన నిలబడి మజ్జిగ తాగుతోంది.

ప్రభ ముందు తువ్వాలు భుజాన వేసుకుని నడుస్తున్న వెంకట్రామయ్య గారు నన్ను చూశారు. జనంలోంచి పక్కకొచ్చి పందిరి దగ్గర ఆగారు.

"ఎట్టుంది హబీబూ?"

"కుడి పక్క బాక్సు గీరుతుందన్నా."

ఆయన వెనక్కి తిరిగి ట్రాక్టరు వైపు చెవి పెట్టి విన్నారు. తల ఊపారు. పాట సంగతి అడిగారు.

"పాట సంగతి నన్నడక్కు. అది చెప్పే మనిషి మా ఇంట్లో వేరే ఉంది."

ఆయన నన్ను దాటుకుని షాహిస్తా ముందు నిలబడ్డారు. పదిమంది చూస్తున్నారు. కమిటీవాళ్లు కూడా చూస్తున్నారు.

"ఏమ్మా, ఎట్టుంది మావాడి పాట?"

షాహిస్తా గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"సగమే విన్నా పెదనాన్నా. మొదటి నుంచి వెయ్యమనండి. విన్నాక చెప్తా."

ఆయన చెయ్యెత్తి ట్రాక్టరు మీద కుర్రాడికి సైగ చేశారు. పాట మళ్లీ మొదటి నుంచి మొదలైంది.